విషానికి మాయిటో పేరు

మంగళవారం పొద్దున మొయాటా రోడ్డు పక్క కొయ్యదండెం కింద కూర్చుని చేపలు గుచ్చుతోంది. నానిన పురావు చెట్టు బెరడు నారని మొప్పలోంచి పోనిచ్చి నోట్లోంచి లాగుతుంది, చేపని కిందికి జార్చి ఇంకోటి అందుకుంటుంది. గుత్తి బరువెక్కాక నార కొసలు ముడేసి దండేనికి తగిలిస్తుంది. అన్నీ మాయిటోలే. దూరం నుంచి చూస్తే నల్లగా, ఏ అందమూ లేనట్టుంటాయి. తడి ఆరకముందు దగ్గరికొచ్చి చూస్తే ఒంటినిండా సన్నటి నీలిగీతలు, కళ్ళ చుట్టూ నారింజ చుక్కలు. తోక మొదట్లో రెండువైపులా చాకు మొనలాంటి ముల్లు దాక్కుని ఉంటుంది. తెలియనివాళ్ళు పట్టుకుంటే అరచెయ్యి తెగుతుంది. మొయాటా చూడకుండానే పట్టుకుంటుంది. ఇన్నేళ్ళలో తెగిన గుర్తు లేదు.

పక్కింటి టూరియా కిటికీలో రేడియో మోగుతోంది. ఓడల రాకపోకలు చెప్పారు, ఎవరివో చావు కబుర్లు చెప్పారు. తర్వాత, చేపల విషం మీద పనిచేసే పట్నం పరిశోధనశాలవాళ్ళు ఇంతవరకూ ఎవరికీ తెలియని కొత్త విషం ఒకటి కనిపెట్టారనీ, చెంచాలో వెయ్యోవంతుకి కూడా ప్రాణాలు తీసే శక్తి దానికి ఉందనీ చెప్పారు. దాని పేరు మాయిటోటాక్సిన్ అన్నాడు వార్తలు చదివేవాడు. ఆ మాట వాడికే కొత్త. నోరు తిరగక ఒకసారి తడబడి, వినేవాళ్ళ సుఖం కోసం మన భాషలోకి దింపి మళ్ళీ చెప్పాడు.

"అంటే, మాయిటో విషం."

మొయాటా చేతిలో నార ఆగిపోయింది.

టూరియా నడుముకి పరేవు గుడ్డ బిగించుకుంటూ కంచె దగ్గరికి వచ్చింది. "వదినా, విన్నావా?"

"విన్నాను. చెవులున్నాయిగా."

"మాయిటో విషమట!"

"చేపల్లో విషం నిన్న పుట్టిందా? మీ ఆయన మొన్నటేడు వాగు మొగ దగ్గర గురక చేప తిని నెల్లాళ్ళు గోక్కోలేదూ?"

"అది వాగు మొగది కాబట్టి. ఆ చోటు మంచిది కాదని అందరికీ తెలుసు. ఇప్పుడు చేపదే తప్పంటున్నారు గదా." టూరియా దండెం వైపు చూసి, అంతలోనే చూపు తిప్పుకుంది. ప్రతి మంగళవారం ఒక గుత్తి తీసుకెళ్ళే మనిషి. ఆ రోజు అడగలేదు. "పొయ్యి మీద చేమదుంపలు పెట్టొచ్చాను" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఎండ ముదిరింది. పట్నం నుంచి వచ్చే కార్లు ఎప్పటిలాగే దండెం చూసి నెమ్మదించాయి. నెమ్మదించి, లోపల ఏదో మాట్లాడుకుని, సాగిపోయాయి. మొయాటా కొబ్బరాకు విసురుతూ ఈగలు తోలింది. కూర్చోలేక లేచింది, గుత్తుల వరస మార్చింది, మళ్ళీ మార్చింది. చేపలు ఎండకుండా తడుపుదామని కుళాయి కింద బకెట్ పెట్టి చెయ్యి పెట్టింది. చెయ్యి కాలింది.

కొండ మీంచి వచ్చే నీళ్ళు, చల్లటివి. పొయ్యిమీది కడవ ముట్టుకున్నట్టు వేళ్ళు చురుక్కుమన్నాయి. చటుక్కున చెయ్యి లాక్కుని చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. చెయ్యి పరేవుకి తుడుచుకుని, ఈసారి కొబ్బరిచిప్పతో నీళ్ళు ముంచి చేపల మీద పోసింది.

నాలుగు రోజుల నుంచీ ఇదే వరస. పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది. రాత్రిళ్ళు అరికాళ్ళు చాపకి రుద్దుకుంటుంది. దీవిలో పుట్టిన ఎవరికైనా ఇది చేప విషమని తెలుసు. మొయాటాకీ తెలుసు. పెదతల్లి కొడుకు పెళ్ళిలో తిన్న చేప వల్ల అయి ఉంటుందని మనసుకి నచ్చజెప్పుకుంది. ఆ పెళ్ళిలో వడ్డించింది నడిసముద్రపు చేప, దానికి ఈ జబ్బు ఉండదు. ఆ సంగతి దగ్గరికి ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని పెట్టుకుంటోంది.

సాయంత్రం టవాయె తాత వచ్చాడు. చర్చిలో డీకన్, ఎనభైకి దగ్గర పడ్డాడు, ఒంటరివాడు. మొగలాకు టోపీ తీసి విసురుకుంటూ దండెం ముందు నిలబడి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చేపల్ని చూశాడు.

"ఇంకా ఇన్ని మిగిలాయేమే?"

"రేడియో వినలేదా తాతా?"

"నా చెవులకి పాదిరిగారి మాటే వినపడదు, ఇంక రేడియో ఏం వినపడుతుంది. ఆ లావు గుత్తి ఇటివ్వు."

గుత్తి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజుకి అదొక్కటే అమ్మకం.

*

బుధవారం ఇంకా చెడ్డగా గడిచింది.

తెల్లారి మొగుడు టిహోటి పడవ లాక్కొచ్చాడు. వలసంచీ నిండుగా ఉంది. ఏడాదిగా అతను అలలు విరిగే చోటు దాకా, పగడపు దిబ్బల మధ్య గండి దాకా పోవడం మానేశాడు. కొత్త రేవు కోసం ఒక కంపెనీ యంత్రాలు తెచ్చి ఒడ్డుకి దగ్గరలో పగడపు దిబ్బని తవ్వుకుపోయింది. రాళ్ళన్నీ రేవు కిందికి పోయాయి. మిగిలిన గుంట చుట్టూ చచ్చిన పగడం తెల్లబడి, తర్వాత గోధుమరంగు నాచు పట్టింది. ఆ నాచు కోసం మాయిటోలు గుంపులుగా చేరాయి. నాలుగు తెడ్లు వేస్తే చాలు, సంచీ నిండుతుంది.

"ఇవాళ ఎంత పడ్డాయో చూడు" అన్నాడు టిహోటి.

"నిన్నటివే పందికి వేశాను."

"రెండు రోజులు చూడు. జనానికి నోటి రుచి ముందు, రేడియో తర్వాత."

"గండి దగ్గరికి పోరాదూ?"

"ఎందుకు? నడుం విరగ్గొట్టుకోడానికా?" అతను ఆమె ముఖంలోకి చూశాడు. "ఏం, నీకేమన్నా తేడా చేసిందా?"

"నాకేం? రాయిలా ఉన్నాను."

ఆ మాట అనేశాక ఇంక వెనక్కి తీసుకునే వీలు లేకపోయింది.

దండేనికి ఆ రోజు వేరేగా కట్టింది. ముందు వరసలో ఎర్రకళ్ళ చేపలు, చారల చేపలు, వెనక మాయిటోలు. మధ్యాహ్నం ఒక తెల్ల కారు ఆగింది. దిగినావిడ బడిపంతులు భార్య, పక్క జిల్లా మనిషి. గుత్తులు తిప్పి చూసింది.

"ఈ నల్లవి ఏమిటి?"

మొయాటా నోట్లోంచి ఆలోచన లేకుండానే వచ్చింది. "మనినిలు. పెద్దవి."

"మనినికి చారలుండాలిగా?"

"నీళ్ళలోంచి తీశాక మాసిపోతాయమ్మా."

ఆవిడ చేప మొహం దగ్గరికి వంగి, కంటి చుట్టూ ఉన్న నారింజ చుక్కల్ని వేలితో చూపించింది. చిన్నగా నవ్వి, గుత్తిని ఎక్కడిదక్కడ తగిలించి కారెక్కింది. కంచె అవతల బట్టలు ఆరేస్తున్న టూరియా ఇదంతా విన్నది. వినలేదన్నట్టు దుప్పటి వెనక్కి జరిగింది.

మొయాటాకి చెవులు వేడెక్కాయి. చేప తాజాదా కాదా అన్న దగ్గర అబద్ధం ఆడని అమ్మకందారు ఈ రోడ్డు మీద ఎవరూ లేరు. కాని ఉన్న చేపకి లేని పేరు పెట్టి అమ్మబోవడం ఇదే మొదలు. తల్లి ఇక్కడే, ఇదే దండెం కింద, "మాయిటో, మాయిటో" అని కేకేసి అమ్మింది. ఆ కేకకి ట్రక్కులు ఆగేవి.

కొబ్బరాకు కింద పడేసింది. లేచి రోడ్డు చివర దాకా నడిచింది, తిరిగొచ్చింది. మళ్ళీ నడిచింది.

"పట్నం పోతాను రేపు" అంది రాత్రి అన్నాల దగ్గర. "పేరు పెట్టినవాళ్ళనే అడుగుతాను, తీసెయ్యమని."

టిహోటి నవ్వాడు. "పెట్టిన పేరు ఎవడు తీస్తాడే? నీకు పెట్టిన పేరు నచ్చకపోతే మీ అమ్మని అడిగావా?"

*

గురువారం పొద్దున్నే బకెట్‌లో నాలుగు మాయిటోలు వేసి, పైన అరిటాకు కప్పి, మనుషుల్ని ఎక్కించుకునే పట్నం ట్రక్కు కోసం నిలబడింది. ట్రక్కు రాకముందే టవాయె తాత వచ్చి ఇంకో గుత్తి పట్టుకుపోయాడు. "పేగులు తియ్యలేదుగా? ఆ చేదే నాకు కావలసింది" అన్నాడు. తియ్యలేదంది.

పరిశోధనశాల పట్నానికి ఈ చివర, కొండ మొదట్లో ఉంది. మెట్ల దాకా వచ్చేసరికి పీల్చలేనంత మందు వాసన, దాని అడుగున తనకి బాగా తెలిసిన చేప వాసన. వరండాలో పొడుగాటి రేకు బల్ల. ఇద్దరు కుర్రాళ్ళు చేపల పొట్టలు చీల్చి పేగులు జాడీల్లోకి, మిగతాది చెత్తడబ్బాలోకి పడేస్తున్నారు. పడేస్తున్నది మంచి మాంసం.

"ఎవరు కావాలమ్మా?"

"పేరు పెట్టినవాళ్ళు."

లోపలి నుంచి తెల్లకోటు వేసుకున్న అమ్మాయి వచ్చింది. మొయాటా గుర్తుపట్టింది. కూడలిలో సియు కొట్టు వాళ్ళ రెండో కూతురు, ఆర్లెట్. చిన్నప్పుడు బియ్యం బస్తా మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. ఫ్రాన్సు వెళ్ళి రసాయనాలు చదివొచ్చిందని విన్నది.

"పిన్నీ! మీరా? రండి, లోపలికి రండి."

రెండేళ్ళుగా ఈ శాల బండి వారం వారం వచ్చి మొయాటా దగ్గర మాయిటోలు కొంటోంది. ఏరకుండా, బేరమాడకుండా ఉన్నవన్నీ కొనేవాళ్ళు. ఎంత మంచి మనుషులో అనుకునేది.

మొయాటా బకెట్ బల్ల మీద పెట్టింది. "దీనికి పెట్టిన పేరు తీసెయ్యండి."

"చేపకి పెట్టలేదు పిన్నీ. దాని పొట్టలో దొరికిన విషానికి పెట్టాం. ఒక విషం సంగతి ముందే తెలుసు, ఇది రెండోది. మొదట ఎందులో దొరికితే ఆ పేరు పెట్టడం మాలో వాడుక."

"మీలో వాడుక. మా రోడ్డు మీద చేప పేరూ విషం పేరూ ఒకటే అయిపోయింది. రెండు రోజులుగా పందికి వేస్తున్నాను. ఎవడికి తోచింది ఈ పేరు?"

ఆర్లెట్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకే" అంది. "మా పెద్దాయనది సముద్రం అవతలి దేశం. ఒకరోజు చేపని బల్ల మీద పెట్టి, మీరు దీన్నేమంటారని అడిగాడు. దానికి లాటిన్ పేరుంది, బారెడు. నేను మాయిటో అన్నాను. రెండుసార్లు పలికి చూసుకుని, బాగుంది, ఇదే ఉంచుదాం అన్నాడు. ఆ రోజు ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పాను. మన మాట ప్రపంచంలో ఉన్న పుస్తకాలన్నిటిలోకీ ఎక్కుతుందని. మా అమ్మ కొట్లో అందరికీ చెప్పుకుంది."

"సంబరపడ్డారు."

"పడ్డాం."

"ఏ జ్వరం మందుకో పెట్టి ఉంటే నేనూ పడేదాన్ని."

ఆర్లెట్ తల వంచుకుంది. "మొదటి విషం ఉంది చూశారా, దానికి ఎక్కడో క్యూబాలో ఒక నత్త పేరు పెట్టారు. అక్కడి జనం ఆ నత్త తింటే జబ్బు చేస్తుందనుకునేవాళ్ళట. తీరా చూస్తే దీనికీ ఆ నత్తకీ సంబంధమే లేదు. పేరు మాత్రం ఉండిపోయింది."

"అయితే అక్కడ నత్తలమ్ముకునే మనిషి కూడా నాలాగే గడపలు తొక్కి ఉంటుంది."

ఇద్దరూ నవ్వారు. నవ్వాక మొయాటాకి కోపం నిలబెట్టుకోవడం కష్టమైంది. ఆర్లెట్ లేచి ఫ్రిజ్ తీసి, సీసాలోంచి గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. ఎండలో నడిచొచ్చిన మనిషి, దాహంగా ఉంది. ఆలోచించకుండా అందుకుని గుటక వేసింది.

నోట్లో నిప్పుకణిక పడ్డట్టయింది. గ్లాసు బల్ల మీద పెట్టేసరికి నీళ్ళు చిందాయి.

ఆర్లెట్ కదల్లేదు. చూస్తూ ఉంది.

"పన్ను" అంది మొయాటా, దవడ పట్టుకుని. "పిప్పిపన్ను."

"ఎన్నాళ్ళుగా?"

"పుట్టినప్పటినుంచీ."

"పిన్నీ, ఈ చేపలు ఎక్కడ పట్టినవి?"

"గండి దగ్గర."

"గండి దగ్గర నీళ్ళు కొట్టుకుంటూ ఉంటాయి. అక్కడి చేపల్లో ఇంత విషం ఉండదు. ఈమధ్య మీ దగ్గర కొన్నవాటిలో మాత్రం బాగా పెరిగింది. విషం చేపది కాదు పిన్నీ. చచ్చిన పగడం మీద, నాచులో కంటికి కనపడని పురుగేదో చేస్తోంది. చేప ఆ నాచు తింటుంది. మనం చేపని తింటాం. అది ఎక్కడ పెరుగుతోందో తెలిస్తే..." ఆర్లెట్ ఆగి, గొంతు తగ్గించింది. "పేగులతో మాత్రం ఎవరినీ తిననివ్వకండి. విషమంతా అక్కడే ఉంటుంది."

మొయాటా బకెట్ అందుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, దాన్ని కింద పెట్టి ఆగింది.

"ముసలివాళ్ళు తింటే?"

"గుండె మందగిస్తుంది. లేచి నిలబడితే పడిపోతారు. ఎవరు పిన్నీ? ఎవరన్నా తిన్నారా?"

మొయాటా అప్పటికే మెట్లు దిగేసింది. బకెట్ అక్కడే వదిలేసిన సంగతి రోడ్డు మీదికొచ్చాక తెలిసింది.

*

ట్రక్కు నిండితేగాని కదలదు. డ్రైవరు చక్రం మీద కాలు పెట్టి పుచ్చకాయ తింటున్నాడు.

"పోనియ్యి నాయనా."

"ఇంకా ముగ్గురు రావాలమ్మా."

"ముగ్గురు మనుషుల డబ్బూ నేనే ఇస్తాను, పోనియ్యి."

"ఏం, ఇంట్లో పొయ్యి మీద కూర పెట్టొచ్చావా?" అని అందరూ నవ్వారు. మొయాటా నవ్వలేదని చూసి డ్రైవరు తొక్క పారేసి ఎక్కాడు.

దారి పొడుగునా ఆగుతూనే ఉంది. ఒకడు మంచం ఎక్కించాడు, ఒకామె రొట్టెల బుట్ట మరిచిపోయి దిగి పరుగెత్తింది, వెనక సీట్లో ఆడపిల్లలు గిటారు పట్టుకుని పాట ఎత్తుకున్నారు. మొయాటా బల్ల అంచు మీద కూర్చుంది, లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. తాత మధ్యాహ్నం ప్రార్థన అయ్యాకే తింటాడు. కొబ్బరి పెంకుల నిప్పుల మీద చేపని అలాగే పెడతాడు, పొలుసు మాడాక వలిచి, పొట్ట నొక్కి, ఆ నల్లటి చేదు మీద నిమ్మకాయ పిండుతాడు. ఇవాళ్టి గుత్తి తన చేత్తోనే ఇచ్చింది. తియ్యలేదు తాతా, అంది.

చర్చి దగ్గర ట్రక్కు పూర్తిగా ఆగకముందే దూకింది.

పక్కనే ఉన్న తాత వంటపాకలో పొగ లేదు. నిప్పు చల్లారిందంటే తిండి అయిపోయిందని అర్థం. "తాతా!" అని పిలిచింది. పలుకు లేదు. లోపల చాప మీద లేడు. పెరట్లోంచి ఏదో చప్పుడు. పరుగెత్తుకుంటూ వెళ్ళింది.

టవాయె తాత సీమపనస చెట్టు కింద మోకాళ్ళ మీద కూర్చుని, మొనదేలిన కర్రతో గొయ్యి తవ్వుతున్నాడు. పక్కన పొద్దున తను ఇచ్చిన గుత్తి, నార ముడి కూడా విప్పలేదు. అప్పటికే పూడ్చిన గుంటలు చెట్టు చుట్టూ ఇంకా ఉన్నాయి. మట్టి కొత్తగా ఉంది.

మొయాటా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మనిషి బతికున్నాడన్న ఊరట ముందొచ్చింది. వెంటనే మొహం మీద కొట్టినట్టయింది.

"నువ్వు కూడానా తాతా?" అంది. "నా చేప పాతిపెడుతున్నావా?"

తాత కర్ర వదలకుండా తల తిప్పాడు. దొంగతనంలో దొరికిపోయిన పిల్లాడిలా చూశాడు.

"చెట్టుకి ఎరువు" అన్నాడు.

"నిజం చెప్పు."

ఆయన కర్ర పక్కన పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. "రెండు వారాలైంది. నీళ్ళు తాగితే గొంతు కాలుతోంది. తలుపు గొళ్ళెం ముట్టుకుంటే చుర్రుమంటోంది. ఒళ్ళంతా ఒకటే దురద. తినడం మానేశాను."

"మరి ఎందుకు కొంటున్నావు?"

"నేను మానేస్తే ఇంక ఎవరు కొంటారే? డీకనే మానేశాడంటారు. నీ దండెం పడుకుంటుంది." గడ్డం గోక్కున్నాడు, గోక్కుంటున్నానని తెలిసి ఆపాడు. "అయినా ఆ చేప వల్లేనని ఎలా చెప్పను? నువ్వు రోజూ తింటావు. టిహోటిని అడిగితే నువ్వు రాయిలా ఉన్నావన్నాడు. నీకు లేనిది నాకొచ్చిందంటే నా ఒంటిలోనే ఏదో చెడిందనుకున్నాను. ముసలిదై చెడింది, ఇంక పిలుపొచ్చిందిలే అనుకున్నాను. పాదిరిగారితో నా టోపీ ఎవరికివ్వాలో కూడా చెప్పేశాను."

మొయాటా ఆయన ముందు మట్టిలో కూర్చుండిపోయింది.

"తాతా, నాకూ కాలుతున్నాయి చన్నీళ్ళు" అంది. "ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మకం పోతుందని."

తాత ఆమెని అటూ ఇటూ చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. కోపం తెచ్చుకుంటాడనుకుంది. పాపం అంటాడనుకుంది. ఆయన ముఖం మెల్లగా తేలికపడింది.

"అంటే నేను చావట్లేదన్నమాట."

"లేదు."

"నీ నోరు పడ! రెండు వారాలు చావు మొహం పెట్టుకు తిరిగానే!" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ లేవబోయి తూలాడు. ఆమె భుజం అందించింది. ఎముకలు తేలిన ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డప్పుడు మొయాటాకి ఏడుపొచ్చింది. ఇంకా ఎన్ని ఇళ్ళలో ఎందరు ఇలా నోరు మూసుకుని గోక్కుంటున్నారో, ఒక్కొక్కరూ తన ఒంటిదే తప్పనుకుంటున్నారో.

గుత్తిని ఇద్దరూ కలిసి పూడ్చారు.

*

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. టిహోటి వల కన్ను అల్లుతూ విన్నాడు, చివరిదాకా తల ఎత్తలేదు.

"ఆ గుంట సంగతి చెప్పావా వాళ్ళకి?"

"లేదు. గండి అన్నాను."

"ఇప్పుడెళ్ళి చెప్తావు."

"చెప్తాను."

"చెప్తే అక్కడ చేప పట్టొద్దంటారు. మనం ఏం తినాలి?"

తెలియదంది మొయాటా. అతను సూది గుచ్చి, వల అక్కడే వదిలేసి ఒడ్డుకి వెళ్ళిపోయాడు. తెల్లవారి ఆమె లేచేసరికి పడవ లేదు. దూరంగా, అలలు తెల్లగా విరిగే చోట, గండి వైపు ఒక మనిషి కష్టం మీద తెడ్డు వేస్తున్నాడు.

పట్నం ట్రక్కులో ఆమె పక్కన తాత తెల్లకోటు వేసుకుని కూర్చున్నాడు, ఆదివారం వేసుకునేది. ప్రతి కుదుపుకీ సీటు ఇనుప కమ్మీ పట్టుకోబోయి, అది చురుక్కుమని చెయ్యి తీసుకుంటున్నాడు. ఎదుటి సీటామె ఏమైందని అడిగింది. మొయాటా కిటికీ వైపు తిరగబోయి, ఆగి, చెప్పింది. విని ఆమె, తన చిన్న చెల్లెలికి కూడా పక్షం రోజులుగా అలాగే ఉందనీ, అంటురోగమేమోనని అత్తగారు పిల్లని వేరే గదిలో పడుకోబెట్టిందనీ చెప్పింది.

ఆర్లెట్ వాళ్ళని చూసి మెట్లు దిగి వచ్చింది. తాతకి చెయ్యి ఇచ్చి పైకి ఎక్కించింది. నాడి చూసింది, కళ్ళలోకి చూసింది, నెమ్మది మీద తగ్గుతుంది తాతా, చేప జోలికి పోవద్దు అని చెప్పింది. మొయాటా నిలబడే మాట్లాడింది. గండి కాదనీ, కొత్త రేవు కోసం తవ్విన గుంట అనీ, అక్కడ నాచు ఏ రంగులో ఉందో, ఎప్పటినుంచి పెరిగిందో, తన భర్త ఏ వైపున వల వేసేవాడో, తన దగ్గర చేప కొన్న ఇళ్ళు ఏవేవో. పన్ను నొప్పి కాదని కూడా చెప్పింది.

ఆర్లెట్ రాసుకుంటోంది. మొయాటా కాగితం మీదికి వంగి చూసింది. బళ్ళో నేర్చిన నాలుగు అక్షరాలు ఆమెకి వచ్చు. పైన పెద్ద అక్షరాలతో ఆ పొడుగు మాట ఉంది. మొదటి సగం ఆగకుండానే చదివింది, తన దండెం మీది మాటే. దాని కింద, స్త్రీ, నలభై ఏడు అని ఉంది. ఇంకేమీ లేదు.

"నా పేరేది?"

"పేర్లు రాయం పిన్నీ. మీకు ఇబ్బంది. రేపు ఇది ఆసుపత్రికి పోతుంది, జిల్లా ఆఫీసుకి పోతుంది, రేడియోవాళ్ళు కూడా అడుగుతారు. చేపలమ్మే మనిషని తెలిస్తే మళ్ళీ మీ దగ్గర ఎవరూ..."

"స్త్రీ అంటే ఎవరనుకుంటారు? ఎక్కడో ఉందిలే అనుకుంటారు. ఎవరి నోరూ తెరుచుకోదు." మొయాటా వేలు కాగితం మీద పెట్టింది. "చేపని అడక్కుండా దాని పేరు రాసుకున్నావుగా? నా పేరు నేనే కోరి చెప్తున్నాను. రాయి."

ఆర్లెట్ ఆమె వైపు చూసింది. కలం మళ్ళీ కాగితం మీద పెట్టింది.

"చెప్పండి."

మొయాటా చెప్పింది. పేరు, తండ్రి పేరు, కిలోమీటరు రాయి పక్కన మొదటి దండెం నాదే అని కూడా. ఎవరో దూరంగా ఉన్నవాళ్ళకి వినిపించాలన్నట్టు గట్టిగా చెప్పింది.

"నాది కూడా వేసుకో" అన్నాడు టవాయె తాత వెనక నుంచి. "డీకన్ అని కూడా రాయి. పాదిరిగారికి చెప్పాలి, నా టోపీ ఇప్పుడే ఎవరికీ ఇవ్వక్కర్లేదని."